డబ్లిను ప్రకటన

ఐర్లండు దేశపు జనసంఖ్య 2022 జనగణనము ప్రకారము 51 లక్షల చిల్లర. 2011 లెక్కలనాటి అవిభక్త తూర్పుగోదావరి జిల్లా జనసంఖ్యయు ఇంచుమించుగా ఇంతియే. సైన్యము ఎనిమిదివేల ప్రాంతము. బాంబులు వేయు యుద్ధవిమానములు లేవు. ఏ సైనికకూటమియందును సభ్యత్వము లేదు. ఇట్టి రాజ్యము ప్రపంచపు సేనలు పట్టణములమీద బాంబులు వేయు విషయమున నొక నియమావళిని కుదుర్చ బూనినదనిన లోకజ్ఞులు నవ్వుట సహజము. అయినను 2022 నవంబరు 18వ తేదీన డబ్లిను నగరమున ఎనుబదికి పైగా రాజ్యములు ఆ నియమావళికి సమ్మతి తెలిపినవి. వానిలో అమెరికా సంయుక్తరాష్ట్రములు, బ్రిటను, ఫ్రాన్సు, జర్మనీ, జపాను కలవు. రష్యా, చైనా, ఇజ్రాయెలు లేవు. భారతదేశమును లేదు. ఈ కడపటి సంగతిని గూర్చియే మేము ముఖ్యముగా వ్రాయదలచినాము. కాని ఆ ప్రకటనయందేమున్నదో, ఏమి లేదో మొదట తెలిసికొననిదే మనదేశము చేసినది తప్పో ఒప్పో నిర్ణయించుటకు వీలులేదు.

ప్రకటనకు పెట్టిన పేరు మిక్కిలి పొడవు. జనసమ్మర్దముగల ప్రదేశములలో ప్రేలుడాయుధములను వాడుటవలన కలుగు బాధలనుండి పౌరులను మరింతగా సంరక్షించుట అని దాని తాత్పర్యము. ఇది సంధి కాదు. దీనిని చేతబట్టుకొని ఏ న్యాయస్థానమునకును పోవుటకు వీలులేదు. రాజ్యములు బహిరంగముగా ఇచ్చుకొన్న మాట మాత్రమే. ప్రేలుడాయుధములనగా నిషిద్ధములైన వింత మారణయంత్రములును గావు. ఫిరంగిగుండు, మోర్టారు, రాకెట్టు, విమానమునుండి పడవేయు బాంబు మొదలైనవి. ప్రతి సైన్యమును శాసనసమ్మతముగా దాచుకొనునట్టివే. బయలునందు సైన్యములు ఎదురెదుట నిలిచి పోరాడునాళ్లకొరకు కల్పింపబడిన యీ సామగ్రిని ఇండ్లు, బళ్లు, అంగళ్లు, ఆసుపత్రులు కిక్కిరిసియున్న చోట వాడుటయే ఇచట చిక్కు.

ఈ చిక్కును చెన్నపట్టణమునందలి తెలుగువారికి బోధించుటకు దూరదేశపు దృష్టాంతము అక్కరలేదు. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి ఎండెన్ అను జర్మను యుద్ధనౌక సముద్రమునుండి ఈ పట్టణముమీద గుండ్లు కురిపించెను. దాని గురి రేవుచెంతనున్న బర్మా ఆయిల్ కంపెనీవారి చమురుతొట్లు. శత్రువు నౌకలకు పనికివచ్చు చమురును తగులబెట్టుట ఆనాటి యుద్ధధర్మమును బట్టియు, ఈనాటి ధర్మమును బట్టియు దోషముగా నెంచరు. నౌకాధిపతియగు ముల్లరు ఊరివారిని చంపగోరినవాడని ఆయన శత్రువులుకూడ చెప్పలేదు. చమురు తగులబడెను. కాని కొన్ని గుండ్లు గురిదాటి పట్టణమున పడినవి. ఒకటి ఉన్నతన్యాయస్థానపు ప్రాకారమును తాకెను. అచట అమర్చిన ఫలకము ప్రక్కనుండి నల్లకోట్లు తొడిగిన మావంటివారు కక్షిదారుల కాగితములు చంకనుంచుకొని నిత్యము పోవుచుందురు. ఆగి చదువువారు తక్కువ. ఆ రాత్రి తరువాత ప్రజలు వేలకొలదిగా ఊరువిడిచిరి. ఎండెన్ అను పేరు గడుసువానికి పర్యాయపదమై అరవభాషలో నేటికిని నిలిచియున్నది. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణపు రేవుమీద బాంబులు వేసినప్పుడు ఆ ఊరును అట్లే ఖాళీ అయినది. ఎండెన్ ఫిరంగుల నోటి వెడల్పు 10.5 సెంటీమీటరులు. ఈనాటి విమానములు పడవేయు పెద్దబాంబు ఒక్కొక్కటి 2,000 పౌనులు. గురి ధర్మసమ్మతమే యైనను, ఆ గురి చుట్టును కాపురమున్నవారి గతియేమి యన్నదే ఐర్లండు చేపట్టిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు శాసనమున సమాధానము లేకపోలేదు. 1949 నాటి జెనీవా ఒడంబడికలకు 1977లో చేర్చిన మొదటి అనుబంధము ప్రకారము సైనికలక్ష్యమునకును పౌరులకును భేదము పాటింపక కొట్టుట నిషిద్ధము, కలుగు సైనికలాభమునకు మించిన పౌరనష్టము ఎదురుచూడదగియున్నప్పుడు దాడి మానుకొనవలెను, ముందుజాగ్రత్తలు తీసికొనవలెను. అయితే ఈ తూనిక యంతయు సేనాధిపతి తనంత తాను, ఆ క్షణమున, ఒక్కొక్క దాడికి వేరువేరుగా వేయునది. నీళ్లయంత్రశాలకు విద్యుత్తునిచ్చు కేంద్రము నేడు కూలిన, నెలదినములకు కలుషితోదకము త్రాగి చచ్చిన బిడ్డ ఏ దాడి లెక్కలో చేరును? ఎవరి లెక్కలోను చేరదు. జనసమ్మర్ద ప్రదేశములలో ప్రేలుడాయుధములు వాడినచోట హతులును క్షతగాత్రులును అగువారిలో నూటికి సుమారు తొంబదిమంది పౌరులేయని ఐక్యరాజ్యసమితివారు పలుమారు చెప్పియున్నారు. ఈ తొంబదిమందియు శాసనోల్లంఘనమువలననే మరణించిరని చెప్పుటకు వీలులేదు. శాసనమును పాటించినట్లు వాదింపదగిన దాడులలో మరణించినవారును వీరిలో కలరు. సమస్య యొక్క గురుత్వమంతయు ఇచటనే యున్నది.

2019 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి ప్రధానకార్యదర్శి గుటెరస్, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘాధ్యక్షుడు మారర్ కలిసి ఈ విషయమై ఒక విజ్ఞప్తి చేసిరి. అక్టోబరులో ఆస్ట్రియా ప్రభుత్వమువారు వియన్నాలో సభ కూర్చగా 133 రాజ్యములు వచ్చినవి. సభ లోకమున కొరతగాదు. సభానంతరము కూర్చుండి కాగితము వ్రాయువాడే కొరత. ఆ పనిని ఐర్లండు తలకెత్తుకొనెను. నవంబరు 18న జెనీవాలో మొదటి సంప్రదింపులు జరిగినవి. సరిగా మూడేండ్లకు అదే తేదీన డబ్లినులో ప్రకటన వెలువడెను. నడుమ మహమ్మారి వచ్చి, రాయబారులు ముఖాముఖి కూర్చుండుటకు వీలుగాక 2021 మార్చిలో అంతర్జాలముమూలముననే సమావేశము జరుపుకొనవలసివచ్చెను. జెనీవాయందలి ఐర్లండు రాయబారి మైకేల్ గాఫీగారు ఈ సంప్రదింపులకు ఆద్యంతము అధ్యక్షత వహించిరి.

న్యాయవాదివృత్తి చేయువారికి ఆ సంప్రదింపుల చరిత్రయందు పరిచితమైన దృశ్యమే కాన్పించును. వాదమంతయు రెండుమూడు పదములచుట్టు తిరిగెను. సైనికబలముగల రాజ్యములు కొన్ని, ఆయుధముల వాడుకను గాక, వాని "విచక్షణారహితమైన" వాడుకను మాత్రమే ప్రకటనలో పేర్కొనవలెనని పట్టుబట్టెను. వినుటకు నిర్దోషముగా తోచును. కాని విచక్షణారహితముగా కొట్టుట ఏనాడో నిషిద్ధమైయున్నది. ఆ విశేషణమును చేర్చిన ప్రకటన యావత్తు పాతశాసనమునకు నకలుగా మారిపోవును. దానిని ఐర్లండు ఒప్పుకొనలేదు. ఇటు పౌరసంఘములు, ఇట్టి ఆయుధములను ఊళ్లలో వాడుటను "పరిహరింపవలె"నని వ్రాయుమనిరి. అట్లు వ్రాసిన ఫిరంగులున్న రాజ్యమేదియు దరికి రాదు. తుదకు 2022 జూను 17వ తేదీన కుదిరిన పాఠము ఇది: పౌరులకు హానికలుగునని ఎదురుచూడదగినప్పుడు, జనసమ్మర్ద ప్రదేశములలో ప్రేలుడాయుధముల వాడుకను సందర్భోచితముగా పరిమితము చేయుటయో, మానుటయో మున్నగు విధానములను మా సైన్యములచే అవలంబింపజేయుదుము.

"సందర్భోచితముగా" అన్న ఆ ఒక్కమాట సంగతి మేమెరుగుదుము. ఒడంబడిక పత్రమున అట్టి మాటను ఎదుటిపక్షమువారు చేర్చినప్పుడు ఏ ప్లీడరైనను తన కక్షిదారును హెచ్చరించును. ఆ ద్వారమునుండి ఒక పటాలము నిరాటంకముగా పోవచ్చును. కాని మిగిలిన వాక్యమును చూడవలెను. విచక్షణారహితమన్న విశేషణము అందు లేదు. పౌరహాని ఎదురుచూడదగినదన్నంతనే, దాడి శాసనసమ్మతమైనను, చేయి వెనుకకు తీయవలసిన బాధ్యత ఆరంభమగుచున్నది. అదిగాక దాడుల పరోక్షఫలములను, అనగా మనము పైన చెప్పుకొన్న నీళ్లయంత్రశాలవంటి వానిని, ముందుగా ఊహింపదగినంతవరకు యుద్ధవ్యూహమునందే లెక్కింపవలెనని మరియొక వాక్యము కలదు. దాడి తరువాత నష్టమును పరిశీలింపవలెననియు, బాధితులకు సహాయము చేయవలెననియు, మృతుల వివరములను సేకరింపవలెననియు కలదు. సేనలు మృతులను లెక్కింపనొల్లకపోవుట పాతవ్యాధి. లెక్కించుటకు మాట ఇచ్చినవాడు పిమ్మట తెలియదనుట కష్టము. మా దృష్టిలో ప్రకటనయందు మిక్కిలి విలువైనది ఈ లెక్కింపు వాక్యమే. పత్రికలు దానిని అంతగా గమనింపలేదు.

ఐర్లండు ఇంతకుముందు వేరొకదారిని నడచినది. 2008 మే నెలలో డబ్లినులోనే క్రోక్ పార్కు క్రీడాస్థలమున సభజరిపి క్లస్టరుబాంబులను సంపూర్ణముగా నిషేధించు సంధిని 107 రాజ్యములచే ఆమోదింపజేసెను. అందు మెలిక మాటలు తక్కువ, నిషేధము స్పష్టము. కాని అమెరికా, రష్యా, చైనా, ఇజ్రాయెలు, భారతదేశము, పాకిస్థాను వెలుపల నిలిచినవి. 2023 జూలైలో అమెరికా అవే బాంబులను యుక్రేనునకు పంపెను. 2025 మార్చిలో లిథువేనియా ఆ సంధినుండి వైదొలగెను. మొదటిసారి దృఢమైన మాటకొరకు పెద్దరాజ్యములను వదలుకొన్న ఐర్లండు, రెండవసారి పెద్దరాజ్యములకొరకు మాటను సడలించినది. దీనిని దిగజారుటగా కొందరు నిందించిరి. మేమట్లు తలపము. ఒక జాతి బాంబును నిషేధింపవచ్చును. ఫిరంగిని నిషేధించు సైన్యము భూమిమీద లేదు. అట్టి విషయమున ఫిరంగులు లేని రాజ్యములు మాత్రమే సంతకములు చేయుట మద్యపాననిషేధముపై శ్రోత్రియులు మాత్రమే ప్రమాణము చేయుటవంటిది.

ఈ పని ఐర్లండుకే ఏల పట్టినది? ప్రకటన వెలువడిన డబ్లిను కోట 1922 వరకు ఆంగ్లప్రభుత్వపు స్థానము. 1916 ఏప్రిలులో ఈస్టరు తిరుగుబాటు జరిగినప్పుడు ఆంగ్లసైన్యము వీధులలో ఫిరంగులు నిలిపియు, లిఫీనదిలోని హెల్గా అను నౌకనుండియు గుండ్లు కొట్టి ఆ నగరమధ్యమును బూడిద చేసెను. మరణించిన 485 మందిలో సగమునకు పైగా పౌరులు. నాటి గంజాముజిల్లా బరంపురమున తెలుగు కుటుంబమున జనించి, తరువాత మన రాష్ట్రపతిపదవి నలంకరించిన వరాహగిరి వెంకటగిరిగారు ఆనాడు డబ్లినులో న్యాయశాస్త్ర విద్యార్థి. ఐరిషు జాతీయవాదులతో చెలిమి చేసినందున ఆ సంవత్సరమే దేశము విడిచిపొమ్మని వారికి ఉత్తరువు అందెను. మనవాడొకడు కన్నులార చూచిన శిథిలములవి.

ఐర్లండువారి పూర్వచరిత్ర యందు మరియొకటి కలదు. అణ్వాయుధములు దేశదేశములకు వ్యాపింపకుండ నిరోధింపవలెనన్న ప్రతిపాదనను 1958లో ఐక్యరాజ్యసమితి ముందుంచినది వారి విదేశాంగమంత్రి ఫ్రాంక్ ఐకెన్. 1961లో అది ఏకగ్రీవతీర్మానమై, 1968లో సంధియైనప్పుడు మొదటి సంతకము ఐర్లండుదే. ఆ సంధి న్యాయాన్యాయములపై మనదేశపు అభిప్రాయము వేరు. ఆ చర్చ ఇచట అప్రస్తుతము. పది సంవత్సరములు ఒకే మాటను పట్టుకొని విడువకుండుట చిన్నరాజ్యమున కలవడిన విద్యయని చెప్పుటకే దానిని తలచితిమి.

ఐర్లండును ఋషిగా చిత్రింపబూనుటయు మా యుద్దేశము గాదు. తటస్థరాజ్యమని చెప్పుకొనుచునే షానన్ విమానాశ్రయమును అమెరికా సైనికుల రాకపోకలకు ఇచ్చెను. 2003లో ఇరాకు యుద్ధసమయమున దీనిపై డబ్లిను హైకోర్టులో వ్యాజ్యము నడచినది. పెద్దసంఖ్యలో సైన్యమును తన భూభాగముమీదుగా పోనిచ్చుట తటస్థధర్మమునకు సరిపడదని న్యాయమూర్తి అభిప్రాయపడియు, ప్రభుత్వచర్యను ఆపుటకు నిరాకరించెను. ఇతరుల చేతులలోని బాంబులపై నీతులు చెప్పువాడు తన ముంగిటనుండి పోవు బండ్లను చూచుకొనవలెనన్న ఆక్షేపణకు ఐర్లండువద్ద తృప్తికరమైన సమాధానము లేదు.

ఇక ఫలమేమి? తుది సంప్రదింపులు జరుగుచున్నప్పుడే యుక్రేనులో మరియుపోలు పట్టణము గుండ్లక్రింద నలిగిపోవుచుండెను. ప్రకటన వెలువడి ఏడాది తిరుగకమునుపే, 2023 ఏప్రిలులో సూడాను రాజధాని ఖార్టూము రణరంగమయ్యెను. అక్టోబరులో గాజా యుద్ధము మొదలయ్యెను. రష్యాయు, ఇజ్రాయెలును ప్రకటనలో చేరినవి కావు కనుక వానిని ఆ మాటతో బంధింపలేము. చేరిన అమెరికా మాట యేమి? ఇజ్రాయెలునకు బరువైన బాంబులను సరఫరా చేసినది అమెరికాయే. 2024 మే నెలలో, రఫావంటి జనసమ్మర్ద పట్టణమున వాడుదురను భయమున, 2,000 పౌనుల బాంబులను పంపుటను అధ్యక్షుడు బైడెను నిలిపివేసెను; 2025 జనవరిలో నూతన ప్రభుత్వము ఆ నిలుపుదలను తొలగించెను. డబ్లిను ప్రకటనయే ఆ చేతిని ఆపినదని మేము చెప్పజాలము. అయినను ఏ కారణము చెప్పి ఆపెనో ఆ కారణము అక్షరాల డబ్లినులో వ్రాసికొన్నదే. ఆ కారణమును చెప్పవలసివచ్చుట కొంత. చెప్పినది ఎనిమిదినెలలు మాత్రమే నిలుచుట మరికొంత. 2024 ఏప్రిలులో ఓస్లోనగరమున సమ్మతించిన రాజ్యములు మొదటిమారు సమీక్షకు కూడినవి. తమ సైనిక నియమగ్రంథములలో ఏయే పుటలు మార్చితిమని ప్రతి రాజ్యమును ఇట్టి సభలలో చెప్పగలిగినప్పుడే ఈ కాగితము బరువు తేలును.

మనదేశము సంగతికి వత్తము. 2021, 2022 సంవత్సరములలో భారతదేశమును, ఐర్లండును భద్రతామండలిలో సహసభ్యులు. 2020 జూను ఎన్నికలో మనకు 184 ఓట్లు రాగా, ఐర్లండుకు వచ్చినవి 128. గెలుపునకు వలసినవియు సరిగా 128. అట్లు గీటుమీద గెలిచిన రాజ్యము ఆ రెండేండ్లలో నార్వేతో కలిసి సిరియా ప్రజలకు ఆహారౌషధములు పోవు సరిహద్దు దారిని 2021 జూలైలో ఏకగ్రీవతీర్మానముతో తెరచియుంచెను. 2022 డిసెంబరు 9న అమెరికాతో కలిసి 2664 సంఖ్యగల తీర్మానమును తెచ్చెను. ఐక్యరాజ్యసమితి ఆంక్షలవలన ఆకలిగొన్నవారికి సహాయము చేయు సంస్థల ధనము చిక్కుపడకుండ మినహాయింపు నిచ్చుట దాని సారాంశము. పదునల్గురు అనుకూలముగా ఓటువేసిరి. ఓటువేయక ఊరకున్న ఒక్క రాజ్యము భారతదేశము. ఆ నెలలో మండలి అధ్యక్షస్థానమును మనదే. ఉగ్రవాదసంస్థలు ధర్మసంస్థల వేషమున ఆ ధనమును మ్రింగునని మన ప్రతినిధి చెప్పిన కారణము కల్పితము గాదు. మన పొరుగున అట్టివి కలవు. కాని ఉగ్రవాదసంస్థలకు సంబంధించిన ఆంక్షలవరకు ఆ మినహాయింపును రెండేండ్లకే పరిమితము చేసియుండిరి. అంత జాగ్రత్తపడిన తీర్మానమునకు పదునల్గురి నడుమ మన మొక్కరమే దూరమగుట అవసరమా యన్నది మా సందేహము.

డబ్లిను ప్రకటన విషయమున మనకట్టి కారణమును కాన్పింపదు. మందుపాతరలు, క్లస్టరుబాంబుల విషయమున మన ప్రభుత్వము చెప్పుచువచ్చిన మాట ఒకటి కలదు: ఇట్టివి జెనీవాలోని సంప్రదాయాయుధముల ఒడంబడిక వేదికమీదనే తేలవలెనని. ఆ వేదికపై ఏకాభిప్రాయములేనిదే ఏమియు జరుగదు. కనుక అచట ఒక్కరు తల అడ్డముగా త్రిప్పిన చాలును. రెండవది, ఉగ్రవాదులు జనులమధ్య దాగియుండగా సైన్యము చేతులు కట్టుకొని కూర్చుండునా యనుట. ప్రకటన అట్లు కోరలేదు. ఆయుధము నెన్నుకొను విధమునే కోరినది. 1966 మార్చిలో మన వాయుసేన ఐజాలు పట్టణముమీద బాంబులు వేసినది. మిజో జనులు ఆ దినమును నేటికిని మరువలేదు. పిమ్మట కాశ్మీరమున ఎన్ని యిడుమలు వచ్చినను మన పట్టణములమీద విమానములతో బాంబులు వేయుటను మన సేనాధిపతులు మానుకొనియేయున్నారు. ఆచరణమున పాటించుచున్నదానిని కాగితముమీద ఒప్పుకొనుటకు సంకోచమెందులకు?

2025 మే నెలలో పూంఛ్ పట్టణమున పాకిస్థాను ఫిరంగిగుండ్లు ఇండ్లమీద పడి మన పౌరులు, పిల్లలతోసహా, మరణించిరి. సరిహద్దు పట్టణముల మీద ఫిరంగులు ప్రయోగింపరాదని మనము లోకమునకు మొరపెట్టుకొనునప్పుడు ఆ మొరకు తగిన మాట ఒకటి సిద్ధముగా నున్నది. దానికి మనము సమ్మతి తెలుపలేదు. 1977 నాటి అనుబంధమునందును మనము చేరలేదు. మన రాజ్యాంగము 51వ అధికరణమున అంతర్జాతీయ శాసనమును గౌరవింపవలెనని రాజ్యమును ఆదేశించుచున్నది. ఆదేశికసూత్రములన్న ఆ భాగమునకు మాతృకను మనము తెచ్చుకొన్నది ఐర్లండు రాజ్యాంగమునుండియే.

డబ్లిను ప్రకటనకు గడువు లేదు. పార్లమెంటు ఆమోదముతో పనియును లేదు. ఏ రాజ్యమైనను ఐర్లండు ప్రభుత్వమునకు ఒక లేఖ వ్రాసి చేరవచ్చును. ఆ లేఖ వ్రాయుటకు మన విదేశాంగశాఖకును రక్షణశాఖకును గల అభ్యంతరమేమో సభలో ప్రశ్నరూపమున అడిగి, సమాధానమును లిఖితపూర్వకముగా రాబట్టవలసినదని మన పార్లమెంటు సభ్యులను కోరుచున్నాము.